అందరికీ అనుకూలమైన ఇల్లు

మహానగరానికి ఉన్న నాలుగు విమానాశ్రయాల్లో ప్రజలకు ఏది ఎక్కువ అనుకూలమో తేల్చడానికి వేసిన సంఘం, ఆ నాలుగూ కావనీ, శాంతిబాగ్ కాలనీలో రేవెల్లి సుభద్ర గారి రెండో అంతస్తు ఇల్లే అన్నిటికంటే అనుకూలమనీ తేల్చింది. ఇందులో పక్షపాతం ఏమీ లేదు. నగరంలో ఏ మూల నుంచి బయలుదేరినా ఆ ఇల్లు ఇంచుమించు ఒకే దూరంలో ఉంది. హాలు తూర్పు పడమరలుగా ఉంది. బాల్కనీలోకి గాలి అడ్డం లేకుండా వస్తుంది. పైగా సుభద్ర గారు వచ్చినవాళ్లను కూర్చోమనకుండా పంపరని ఇరుగుపొరుగు కూడా చెప్పారు.

అంత చిన్న హాల్లో విమానం ఎలా దిగుతుందని మొదట్లో కొందరు అడిగారు. మొదటిది దిగాక అడగాల్సిన పని లేకపోయింది. అది బాల్కనీ వైపు నుంచి ఒద్దికగా లోపలికి వచ్చి, టీవీ బల్ల దగ్గర వంపు తిరిగి, సోఫా పక్కన ఆగింది. కర్టెన్లు ఎగిరిపడటం తప్ప ఇంకే నష్టమూ జరగలేదు. దిగిన ప్రయాణికులు సూట్‌కేసులు లాక్కుంటూ మెట్లు దిగి, కాలనీ గేటు దగ్గర ఆటోలు ఎక్కి వెళ్లిపోయారు. ఇంత దగ్గరలో ఇంత మంచి విమానాశ్రయం ఉండగా ఇన్నాళ్లూ ఊరి బయటికి ఎందుకు పోయామా అని వాళ్లు తమలో తాము అనుకున్నారు.

సుభద్ర గారు ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆమె భర్త మనోహర్ గారు కరెంటాఫీసులో పనిచేసి, మోకాళ్లు అరిగాక ఇంటిపట్టున ఉంటున్నారు. ఇద్దరూ చెరో రూపాయి కూడబెట్టి కట్టుకున్న ఇల్లది. అది నగరానికే పనికొచ్చిందంటే మొదట ఇద్దరికీ గర్వంగానే అనిపించింది. మొదటి వారం సుభద్ర గారు దిగినవాళ్లందరికీ చాయ్ ఇచ్చారు. తరువాత ఒక కంపెనీ వాళ్లు షూ ర్యాకు ఉన్నచోట చాయ్ దుకాణం పెట్టుకోవడంతో ఆమె ఇవ్వడానికి వీల్లేకపోయింది.

విమానాశ్రయానికి మేనేజరుగా కృపానందం అనే ఆయన వచ్చాడు. నెమ్మదస్తుడు. రోజూ గుమ్మం దగ్గర బూట్లు విప్పి లోపలికి వచ్చేవాడు. ఫ్రిజ్ పక్కన చిన్న బల్ల వేసుకుని, ఏ నిబంధన చెప్పాల్సి వచ్చినా ముందు క్షమించమని అడిగేవాడు. అందుకే ఏ నిబంధననూ కాదనడం ఆ దంపతులకు చేతకాలేదు.

వంటింటికీ హాలుకూ మధ్య తనిఖీ పెట్టారు. కూరగాయల కత్తిని వంటింటి గట్టుకు గొలుసుతో కట్టేశారు. చారు, మజ్జిగ లాంటివి గిన్నెతో హాల్లోకి తేకూడదు గనక సుభద్ర గారు వాటిని దగ్గు మందు సీసాల్లో పోసి తెచ్చేవారు. మనోహర్ గారు పడకగదిలోంచి స్నానానికి వెళ్లేటప్పుడు బెల్టు తీసి ట్రేలో పెట్టాలి. ఆయన లుంగీ మీద బెల్టు కట్టుకునే మనిషి కాబట్టి అక్కడ కొంచెం ఆలస్యమయ్యేది. వెనక నిలబడ్డ ప్రయాణికులు విసుక్కుంటే ఆయన వాళ్లకు దారి ఇచ్చి చివరికి పోయి నిలబడేవారు. నెల తిరిగేసరికి ఇదంతా వాళ్లకు అలవాటైపోయింది. కింది వాటాలో వాళ్లయితే, మీకేం వదినా, ఎయిర్‌పోర్టు కాళ్ల దగ్గరుందని అసూయపడేవారు.

అట్లా ఉండగా విశాఖపట్నం నుంచి సుభద్ర గారి తమ్ముడు జగదీశ్వర్ ఫోన్ చేశాడు. తల్లి పోయాక అతన్ని ఆమే ఎత్తుకుని పెంచింది. అతనికి గుండె ఆపరేషన్ చెయ్యాలన్నారు. రేపో ఎల్లుండో అంటున్నారు.

“అక్కా, కోసే ముందుగాల ఒక్కసారి మొకం సూపెట్టిపో” అన్నాడు.

విశాఖ విమానం రోజూ పొద్దున సుభద్ర గారి సోఫా పక్క నుంచే లేస్తుంది. ఆమె టికెట్ కొనుక్కుని, బట్టల సంచి సర్దుకుని, పడకగదిలోంచి హాల్లోకి వచ్చి వరసలో నిలబడింది. కృపానందం లేచి ఎదురొచ్చి క్షమించమన్నాడు. విమానాశ్రయంలోకి ప్రయాణికులు బయటి నుంచి రావాలి. ఆమె రాలేదు, ముందే లోపల ఉంది. లోపలికి రాకుండా లోపల ఉన్న మనిషిని విమానం ఎక్కించే పద్ధతి ఎక్కడా లేదు.

సుభద్ర గారు లెక్కల మనిషి గనక ఆమెకు ఆ మాటలో తప్పు కనబడలేదు. మెట్లు దిగి కిందికి పోయి మళ్లీ ఎక్కి వచ్చింది. అప్పుడు గుమ్మం దగ్గర చిరునామా అడిగారు. ఆమె ఆ ఇంటి చిరునామాయే చెప్పింది. విమానాశ్రయంలో ఎవరూ నివసించకూడదు కాబట్టి అది చిరునామా కాకుండా పోయింది. చిరునామా లేనివాళ్లకు దగ్గర, దూరం అనేవి ఉండవు. అలాంటి వాళ్లకు అనుకూలమైన విమానాశ్రయంగా, నగరం దాటాక గుట్టల అవతల ఉన్న ఉత్తర విమానాశ్రయాన్ని నిర్ణయించారు.

“నా ఇంట్లకెల్లి పోయే విమానం ఎక్కనీకి నేను గుట్టలవతలికి పోవాల్నా సారూ?” అని అడిగింది సుభద్ర.

“మీకు అదే అనుకూలం మేడమ్. సంఘం వాళ్లు అన్నీ లెక్కేసే చెబుతున్నారు” అన్నాడు కృపానందం. అతని మొహంలో నిజంగానే బాధ కనబడింది.

ఆమెకు వాదించే తీరిక లేదు. మనోహర్ గారి మాత్రలు ఎక్కడున్నాయో మెట్ల మీద నుంచే గట్టిగా చెప్పి, రెండు బస్సులు మారి, ఒక ఆటో ఎక్కి, సగం పూట పోయాక ఉత్తర విమానాశ్రయం చేరింది. దారి పొడవునా ఆమె తమ్ముడి గురించే ఆలోచించింది. చిన్నప్పుడు వాడికి జ్వరం వస్తే ఎవరు పిలిచినా పలికేవాడు కాదు, అక్క చెయ్యి నుదుటి మీద పెడితేనే కళ్లు తెరిచేవాడు.

అక్కడ మధ్యాహ్నపు విశాఖ విమానం ఎక్కి కిటికీ పక్క కూర్చుంది. విమానం గుట్టల మీద నుంచి లేచి, నగరం మీదికి వచ్చి, అక్కడ ఇంకొంత మందిని ఎక్కించుకోవడానికి కిందికి దిగింది. ఆమె చూస్తుండగానే తన బాల్కనీ దగ్గరకొచ్చింది. విమానం టీవీ బల్ల దగ్గర వంపు తిరిగి సోఫా పక్కన ఆగింది.

కిటికీ అవతల, చెయ్యి చాపితే అందేంత దూరంలో మనోహర్ గారు స్టూలు మీద కూర్చుని అన్నంలో సీసాలోంచి మజ్జిగ పోసుకుంటున్నారు. ఆయన ఉప్పు వేసుకోలేదు. ఉప్పు ఎక్కడ పెట్టిందో ఆమె చెప్పి రాలేదు. సుభద్ర అద్దం మీద వేళ్లతో కొట్టింది. ఆయన తలెత్తి, ఎవరో ప్రయాణికురాలు పలకరిస్తున్నదనుకుని మర్యాదగా తల ఊపారు. ఆయనకు దూరపు చూపు బాగానే ఉంటుంది, దగ్గరవే ఆనవు. మధ్యలో దిగడానికి వీల్లేదని ఎయిర్‌హోస్టెస్ చెప్పింది. దిగనని, ఊరికే చూస్తున్నానని సుభద్ర అన్నది. ఆయన అన్నం తినడం అయ్యేదాకా చూసింది. విమానం లేచింది.

జగదీశ్వర్‌ను ఆపరేషన్‌కు తీసుకెళ్లడానికి కొంచెం ముందు ఆమె అతని నుదుటి మీద చెయ్యి పెట్టగలిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. తెలివొచ్చాక అతను, ఎట్లొచ్చినవక్కా అని అడిగాడు. ఇంట్ల నుంచే వచ్చిన, అన్నది. అది అబద్ధమూ కాదు.

తిరుగు ప్రయాణంలో అడ్డంకేమీ రాలేదు. విమానం నేరుగా ఇంట్లోనే దిగింది. అయితే దిగినవాళ్లు బయటికి పోవాలి, అక్కడ ఆగకూడదు. అందరితో పాటు సుభద్ర మెట్లు దిగి, సంచీతో గేటు పక్క సిమెంటు బల్ల మీద కూర్చుంది. కాసేపటికి కృపానందం స్వయంగా కిందికి వచ్చి, క్షమించమని, ఒక మార్గం ఆలోచించానని చెప్పాడు. విమానాశ్రయంలో నివసించకూడదు గానీ విమానం కోసం ఎదురుచూడవచ్చు. విమానం ఆలస్యమైతే ఎంతకాలమైనా ఎదురుచూడవచ్చు. మనోహర్ గారిని ఆమె వెళ్లిన పూటే ఒక ఆలస్యమైన విమానం జాబితాలో వేశారు. పక్క సీటు ఖాళీగా ఉంది.

అట్లా ఆ దంపతులు తమ ఇంట్లో ప్రయాణికులయ్యారు. రోజూ సాయంత్రం వాళ్ల విమానం మరో రోజు ఆలస్యమని మైకులో చెప్పేవారు. అది వినగానే సుభద్ర రాత్రికి బియ్యం కడిగేది. ఎప్పుడైనా చెప్పడం మరిచిపోతే మనోహర్ గారికి గాబరా అయ్యేది. ఆమె పోయి కృపానందాన్ని కనుక్కుని వచ్చేది. ఈలోగా కింది వాటా లగేజీ విభాగానికి అనుకూలమని, ఎదురిల్లు పెట్రోలు నిల్వకు అనుకూలమని తేలింది. కాలనీలో చాలామంది సంచులు సర్దుకుని తమ తమ ఇళ్లలో ఎదురుచూడసాగారు. ఎవరికీ కోపం లేదు. మాది కూడా ఆలస్యమేనట వదినా అని ఒకరికొకరు చెప్పుకుని ఊరట పడేవారు.

ఒక సాయంత్రం వాళ్ల విమానం సిద్ధంగా ఉందని మైకులో చెప్పారు. సుభద్ర గారి పొయ్యి మీద అన్నం సగం ఉడికి ఉంది. ఆమె గ్యాసు కట్టేసి, కృపానందం వైపు చూసింది. అతను తన బల్ల దగ్గర లేచి నిలబడ్డాడు గానీ ఈసారి క్షమించమని అడగలేదు, తల దించుకున్నాడు.

“ఏడికి పోతదట?” అని మనోహర్ గారు భార్యను అడిగారు.

“అడగలేదండి. అందరూ ఎక్కుతున్నరు” అన్నది ఆమె. ఆయన మోకాళ్లకు ఇబ్బంది కాకుండా చెయ్యి పట్టుకుని ఎక్కించింది.

విమానం నగరం దాటి, గుట్టలు దాటి, ఇంకా చాలా దూరం పోయి వాళ్లను ఒక బీడు మైదానంలో దించింది. అక్కడ ఒకే రకం ఇళ్లు వరసలుగా కట్టి ఉన్నాయి. రోడ్డు వెడల్పుకు, ఆసుపత్రికి, పార్కుకు, చెరువు అందానికి తమ ఇళ్లు అనుకూలమని తేలినవాళ్లంతా అప్పటికే అక్కడ ఉన్నారు. ఒక అమ్మాయి తాళంచెవుల గుత్తి పట్టుకుని, ఎట్లాంటి ఇల్లు కావాలని ఒక్కొక్కరినీ మర్యాదగా అడుగుతున్నది.

“ఎవ్వరి అక్కరకు రాని ఇల్లేదన్న ఉంటె ఇయ్యి బిడ్డా” అన్నది సుభద్ర. “గాలి రాకున్నా మంచిదే. దారి సక్కగ లేకున్నా మంచిదే.”

“అసొంటియన్ని ముందుగాల వచ్చినోళ్లు తీసుకున్నరమ్మా. ఇగ మిగిలినయన్ని మంచియే” అన్నది ఆ అమ్మాయి. ఆమె గొంతులో జాలి ఉంది.

వాళ్లకు మూలమలుపు ఇల్లు వచ్చింది. ముందు వెడల్పాటి రోడ్డు, పొడవాటి హాలు, మూడు వైపులా వెలుతురు. సుభద్ర గది గది తిరిగి చూసి, సంచి విప్పకుండా గుమ్మం దగ్గరే పెట్టింది. చుట్టుపక్కల ఇళ్లలోంచి సుత్తి దెబ్బలు, ఇటుకల చప్పుడు వినిపిస్తున్నాయి. మనోహర్ గారు అటు పోయి చూసి వచ్చి, అందరూ హాలు నడుమ అడ్డగోడ కట్టించుకుంటున్నారని చెప్పారు. కొందరు కిటికీలు కూడా పూడ్పిస్తున్నారట.

మర్నాడు పొద్దునే మేస్త్రీని పిలిపించారు. అతను హాల్లో నిలబడి, ఇంత మంచి ఇల్లమ్మా అని ఒకసారి అని, గోడ ఎట్లా కట్టమంటారని అడిగాడు.

“ఎవ్వరికీ పనికిరాకుండ కట్టు నాయనా” అన్నది సుభద్ర.

మేస్త్రీకి అది కొత్త మాట కాదు. తాడు తీసి కొలత పెట్టడం మొదలుపెట్టాడు.