మనవాడికి అత్తగారు

అయినా, నిజంగా ఉన్న మనుషుల కోసం కారు తయారుచేయడమంత తెలివితక్కువ పని ఇంకొకటి ఉంటుందా?

ఉన్న మనుషులకు పొట్టలుంటాయి. నడుము నొప్పులుంటాయి. పొద్దున ఎరుపు బాగుందంటారు, సాయంత్రానికి తెలుపు చూపించమంటారు. అందుకే కార్ల కంపెనీలు లోకానికి పెద్ద మేలు చేశాయి. ముందు కొనేవాణ్ణి తయారుచేసి, ఆ తర్వాత కారు తయారుచేస్తున్నాయి.

సాయంత్రం లిఫ్టు ముందు నిలబడి ఒక కార్ల కంపెనీ మార్కెటింగ్ ఉద్యోగి తనకు తాను నచ్చజెప్పుకుంటున్న మాటలివి. కొనేవాణ్ణి తయారుచేసింది అతనే మరి. నిండు యౌవనం, చదునైన పొట్ట, సెలవొస్తే కొండలెక్కే అలవాటు. నిలువెత్తు బొమ్మ వేయించి, కింద వాడి ఇష్టాలన్నీ రాసి, మీటింగ్ గదిలో గోడకు అతికించారు. ఆఫీసంతా ఆ బొమ్మను 'మనవాడు' అని ముద్దుగా పిలుస్తుంది.

మనవాడు ఎంత బుద్ధిమంతుడనుకున్నారు! బేరమాడడు. ట్రాఫిక్‌లో ఇరుక్కోడు. కొండలెక్కుతాడు కాబట్టి కారును నేల నుంచి జానెడు పైకి లేపారు. ఒంటరిగా నక్షత్రాలు చూసుకుంటాడని పైకప్పుకు అద్దం పెట్టారు. కాఫీ మానేశాడని ఎవరో అంటే కప్పు పెట్టుకునే చోటు తీసేశారు. ఎవరు అడిగారు మనవాణ్ణి? అడగడం దేనికి, మనింటివాడేగా!

చివరికి మనవాడి సృష్టికర్తకే ఏదో పిచ్చి పట్టుకుంది. అద్దం ముందు పొట్ట లోపలికి పీలుస్తున్నాడు. రెండోసారి వడ్డించుకోబోయి, మనవాడైతే వడ్డించుకోడు కదా అని చెయ్యి వెనక్కి తీసుకుంటున్నాడు.

నిన్న ఆదివారం నమూనా కారు ఇంటికి తెచ్చాడు. పాతది ఇచ్చేసి ఇదే కొనాలని అనుకున్నారు. ప్రతి ఆదివారంలాగే తన చెల్లెలి ఇంటికి వెళ్దామని, వాళ్లతోనే ఉండే అత్తగారు ముస్తాబై వచ్చారు. మోకాలు పట్టుకుని ఒక కాలు ఎత్తారు, అందలేదు. రెండోది ఎత్తి చూశారు. తలుపు పట్టుకుని నవ్వారు.

"బాబూ, నిచ్చెన కంపెనీవాళ్లే ఇస్తారా, మనం కొనుక్కోవాలా?"

"ఊరుకో అమ్మా, ఆయన కట్టింది కారనుకున్నావా? మేడ," అంది భార్య.

"అయితే మీరు వెళ్లిరండి. చెల్లెలితో నేను ఫోన్లో మాట్లాడుకుంటాలే."

నవ్వుతూనే అన్నారు. అందుకే అతనికి తగిలింది. ఇక ప్రతి ఆదివారం ఆవిడకు ఫోనేనా?

ఇవాళ మీటింగులో గొంతు సవరించుకున్నాడు. "సార్, ఎత్తు కొంచెం తగ్గిస్తే... ఎక్కడం కష్టంగా ఉంది."

"ఎవరికయ్యా?" అన్నాడు పైఅధికారి.

"మా అత్తగారికి."

గది గదంతా నవ్వింది. "ఆవిడ చల్లగా ఉండాలి. కానీ కొనేది ఆవిడ కాదుగా. మనవాడు ఏమంటాడు?"

అందరూ గోడవైపు తిరిగారు. మనవాడు బొమ్మలోని కొండలవైపు చూస్తున్నాడు. ఎత్తు అలాగే ఉండిపోయింది.

చూశారా ఎంత చక్కని ఏర్పాటో? లేనివాడికి ఒక్క నొప్పీ ఉండదు. ఉన్నవాళ్లకుంటే, దాన్ని చెప్పుకోవడానికి గోడమీద చోటుండదు.

లిఫ్టు వచ్చింది. తలుపులు తెరుచుకుని, కాసేపు చూసి, మూసుకున్నాయి. అతను మీటింగ్ గదికి వెనక్కి నడిచాడు. ఉన్న మనిషి అత్తగారి మోకాళ్లను చూసి నవ్వుతారు, సరే. లేనివాడి అత్తగారి మోకాళ్లను చూసి నవ్వే ధైర్యం ఈ కంపెనీలో ఎవరికుంది?

మార్కర్ మూత తీశాడు. బొమ్మ కింద, 'కొండలెక్కడం ఇష్టం' అన్నచోట, అదే సైజు అక్షరాలతో ఇంకో వరుస చేర్చాడు.

'అత్తగారు ఇంట్లోనే ఉంటారు. మోకాళ్ల నొప్పులు.'