నడుముకు కట్టిన డబ్బా

ఆ ఉదయం రాజలింగు పెట్టుకున్న పని ఒక్కటే: సిరొంచలో ఎర్ర బస్సెక్కి నాగేపల్లిలో ఉన్న అక్క నర్సక్క ఇంటికి వెళ్ళి, ఆమె పోసిన చాయ తాగి తిరిగి రావడం. మామూలు మనిషికి అదొక పనే కాదు. కాని టేకు దుంగలు లారీకెక్కిస్తూ జారిపడ్డప్పటి నుంచి, ఎవరో ఎర్రగా కాల్చిన చువ్వను రాజలింగు నడుములో గుచ్చి మరిచిపోయినట్టుండేది. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. భార్య ముత్తక్క వంగి నాట్లు వేస్తుంటే గట్టు మీద నిలబడి చూడడం అతనికి ఆ చువ్వకంటే ఎక్కువ బాధ.

నాగ్‌పూర్ డాక్టరు ఒక దారి చెప్పాడు. వీపు కోసి వెన్నుపూసల పక్కన సన్నటి తీగ పెడతారు. తోలు కింద చిన్న యంత్రం. అది నరాలకు కొద్దికొద్దిగా కరెంటు ఇస్తుంటే నొప్పి తెలియదు. "ముందు పైనుంచి ఇచ్చి చూద్దాం. గుణం కనిపిస్తే లోపల పెట్టించే ఏర్పాటు చేస్తాను" అని సబ్బుపెట్టెంత డబ్బా ఇచ్చి పంపాడు. దానికి కరెంటు పెంచి తగ్గించే ఒక మర, ఒక ఎర్ర లైటు, రెండు తీగలు, తీగల చివర వీపుకు అతికించే నల్ల రబ్బరు బిళ్ళలు.

ముత్తక్క ససేమిరా అంది. "వెన్ను బొక్కల నడుమ తీగలు పెట్టించుకుంటవా? వానకాలం ఉరిమితే ఎట్ల? నిన్ను ముట్టుకుంటే నాకు కరెంటు కొట్టదా?"

"కొట్టదటనే. డాక్టర్‌ను అడిగిన."

"ఆయన పెండ్లాన్ని అడుగు."

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. డబ్బా కట్టుకుని ఆ గుంతల రోడ్డు మీద నాగేపల్లి దాకా వెళ్ళి, తన కాళ్ళ మీద తాను ఇల్లు చేరితే ఆపరేషను. లేకపోతే ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు. ఆ పొద్దున ముత్తక్కే బిళ్ళలు అతికించి, డబ్బాను నడుముకు తువ్వాలతో కట్టి, "జర పైలం" అంది.

బస్సు కదిలింది. రాజలింగు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. మొదటి గుంత వచ్చింది, పోయింది. రెండోదీ పోయింది. నడుములో చీమలు పాకుతున్నట్టుంది తప్ప చువ్వ జాడ లేదు. చాలా కాలానికి అతనికి కిటికీలోంచి అడవి కనిపించింది. సంతోషం పట్టలేక చొక్కా ఎత్తి మర ఇంకాస్త తిప్పాడు.

పక్కన ఎండుచేపల గంపతో కూర్చున్న దుర్గమ్మ అది చూసింది. "ఏంది తమ్మీ, నడుముల ఎర్ర లైటు మెరుస్తుంది?"

నలుగురిలో రోగం చెప్పుకోవడానికి సిగ్గుపడి, "ఏం లేదక్కా, కరెంటు" అన్నాడు రాజలింగు మెల్లగా.

దుర్గమ్మ గంపతో సహా వెనక సీటుకు జరిగింది. ఆ అడవి దారిలో తుపాకులు పట్టుకుని తిరిగేవాళ్ళూ, వాళ్ళ కోసం వెతికే పోలీసులూ ఉన్న రోజులవి. దుర్గమ్మ చెప్పిన కరెంటు వెనక సీటులో వైర్‌లెస్ అయింది. అక్కడి నుంచి ముందుకు పాకి డ్రైవరు చెవిన పడేసరికి బాంబు అయింది. డ్రైవరు వాగు ఒడ్డున బళ్ళు తనిఖీ చేసే పోలీసు నాకా ముందు బ్రేకు తొక్కి, బస్సు పూర్తిగా ఆగకముందే దూకేశాడు. మిగతావాళ్ళు అతని వెంటే దూకారు.

ఆ కుదుపుకు రాజలింగు డబ్బా ముందు సీటుకు గుద్దుకుంది. మర చివరిదాకా తిరిగిపోయింది.

"హాత్ ఊపర్!" ఇసుక బస్తాల వెనక నుంచి నాకా పెద్ద, మరాఠీ ఫౌజుదారు అరిచాడు. రాజలింగు రెండు చేతులూ ఎత్తాడు. చేతులెత్తితే మర తగ్గించే దారి లేదు. కరెంటు నడుము నుంచి తొడకు దిగింది. కుడికాలు దానంతట అది తన్నుకోసాగింది.

"సాబ్! కాలుతోటి ఎవలకో సైగ చేస్తుండు!" అన్నాడు కానిస్టేబులు కొండయ్య, తుపాకీ గురిపెట్టి.

ఆ కాలు ఇంకొక్కసారి ఎగిరితే తన కథ ముగుస్తుందనుకున్నాడు రాజలింగు. "నడుము నొప్పి, సాబ్! నడుము నొప్పి!" అని ఏడుపు గొంతుతో అరుస్తూనే ఉన్నాడు.

అతన్ని దింపి గదిలోకి తీసుకెళ్ళారు. ఫౌజుదారు డబ్బాను దూరం నుంచే చూశాడు. కూర్చోబోతూ బల్ల అంచు పట్టుకుని, మూలిగి, మెల్లగా కుర్చీలోకి దిగాడు. "నడుం నొప్పి నాకు భీ ఉంది. జీపుల తిరిగి తిరిగి వచ్చింది. నాకు ఎవరు కరెంటు ఇయ్యలే. నువ్వు ఝూట్ చెప్తున్నవ్."

"ఒట్టు, సాబ్."

ఫౌజుదారు నడుము పట్టుకుని లేచాడు. తన బట్టలిప్పిన వీపు కింది ఉద్యోగులు చూడకూడదని అందర్నీ బయటికి పంపి తలుపు వేయించాడు. చొక్కా విప్పి బల్ల మీద బోర్లా పడుకున్నాడు. "లగావ్. నిజమా, ఝూటా నేనే చూస్త."

రాజలింగు తన వీపు నుంచి బిళ్ళలు ఊడదీశాడు. అవి ఊడగానే చువ్వ మళ్ళీ దిగింది. పళ్ళు బిగించి, వాటిని ఫౌజుదారు నడుముకు అతికించి, మరను వెంట్రుకవాసి తిప్పాడు.

"ఆయీ గ!" అని ఫౌజుదారు పెద్దగా మూలిగాడు.

తలుపు బద్దలైనంత చప్పుడుతో తెరుచుకుంది. కొండయ్యకు కనిపించింది ఇది: ఫౌజుదారు చొక్కా లేకుండా బల్ల మీద బోర్లా పడి మూలుగుతున్నాడు, ముద్దాయి పైన నిలబడి కరెంటు పెడుతున్నాడు. ఆ గదిలో ఇలాంటిది ఎప్పుడైనా జరిగి ఉంటే బల్ల మీద ముద్దాయి, పైన పోలీసు ఉండేవాళ్ళు.

"డబ్బా ఇడువు! ఇడువకుంటే కాలుస్త!"

రాజలింగు గబుక్కున మర తగ్గించబోయాడు. మర తిరగవలసిన వైపు కాక రెండో వైపు తిరిగింది. ఫౌజుదారు చేపలా ఎగిరిపడ్డాడు. నోరు తెరిచాడు గాని మాట రాలేదు. పేల్చడానికి సిద్ధమై కొండయ్య తుపాకీ ఖట్‌మంది. రాజలింగు కళ్ళు మూసుకున్నాడు. ముత్తక్కతో ఒక్క మాటైనా చెప్పి రావలసిందనుకుంటూ చేతికి దొరికిన మరను వెనక్కి తిప్పేశాడు.

ఫౌజుదారు లేచి నిలబడ్డాడు. నిటారుగా నిలబడ్డాడు. ముందుకు వంగి, లేచి, మళ్ళీ వంగాడు.

"కొండయ్యా, బందూక్ నీచే. ఇతన్ని బస్సు ఎక్కియ్యి." ఆ తర్వాత డబ్బాను దగ్గరికి లాక్కున్నాడు. "ఇది ఇక్కడ్నే ఉంటది. చౌకశీ చేయాలె, పూరా విచారణ."

"చౌకశీ ఎప్పటికైతది, సాబ్?"

"నొప్పి... ఆ, చౌకశీ ఖతం అయినంక."

రాజలింగు తిరుగు బస్సులో నేల మీద పడుకుని సిరొంచ చేరాడు. ఇద్దరు పట్టుకుని ఇంటిదాకా దింపారు. సంగతంతా విని ముత్తక్క, "నాగేపల్లి పోలేదు గదా? ఇగ ఆపరేషన్ ముచ్చట బంద్" అంది. గోడవైపు తిరిగి పడుకున్న మొగుణ్ణి చూస్తూ చాలాసేపు అక్కడే నిలబడింది.

వారం తిరక్కముందే వాకిట్లో పోలీసు జీపు ఆగింది. పక్కిళ్ళ తలుపులన్నీ మూతబడ్డాయి. ఈసారి తీసుకుపోతే తిరిగి రానని రాజలింగు నిశ్చయించుకున్నాడు. జీపులోంచి ఫౌజుదారు సగానికి సగం వంగి దిగాడు. చేతిలో డబ్బా, వెనక కొండయ్య.

"బంద్ పడింది" అన్నాడు దీనంగా.

రాజలింగు మూత తీసి చూశాడు. "సెల్లు అయిపోయింది, సాబ్. గీ రకం సెల్లు ఈడ దొరకది. నాగ్‌పూర్ డాక్టర్ దగ్గర్నే."

"అయితే చలో. ఇప్పుడే."

ముత్తక్క అడ్డం వచ్చింది. కొండయ్య భయపడి ఒకడుగు వెనక్కి వేశాడు. ఆమె చూసింది మాత్రం మొగుడి వైపే. "పోయినంక ఆ డాక్టర్‌కు చెప్పు, లోపటనే పెట్టియ్యమని. తోలు కింద ఉన్నదాన్ని చౌకశీకని ఎవడు గుంజుకపోతడో నేను సూస్త."

ఫౌజుదారు బూట్ల వంక చూసుకున్నాడు. రాజలింగును ముందు సీట్లో కూర్చోబెట్టి, తాను కూర్చోలేక వెనక నేల మీద బోర్లా పడుకున్నాడు. ఆ జీపులో అంతవరకు అలా పడుకుని వెళ్ళింది పట్టుబడ్డవాళ్ళే.