తాళకం: అర్థం, ప్రయోగం

ఆ పొద్దున ఆలుమగలిద్దరికీ చెరో పని ఉంది. ఆయన ఆఫీసుకు వెళ్ళాలి. ఆవిడ సాయంత్రంలోగా ‘తా’తో మొదలయ్యే మాటల చీటీలు రాసి నిఘంటువు కార్యాలయానికి అప్పగించాలి. ఓ చేత్తో బంగాళదుంపల కూర కలుపుతూ, ఇంకో చేత్తో చీటీలు రాస్తోంది. ఆయన మూడు రోజులుగా కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నాడు. నోరు విప్పితే డాక్టరు దగ్గరికి లాక్కెళ్తుందని, కిక్కురుమనకుండా క్యారేజీ అందుకొని బయటపడ్డాడు.

ఆయన రికార్డు గదిలో గుమస్తా. మనుషులు అబద్ధమాడతారు గానీ కాగితం ఆడదని ఇరవై ఆరేళ్ళ సర్వీసులో తేల్చుకున్న మనిషి. మధ్యాహ్నం కూర సగం తిన్నాక, గిన్నె అడుగున అంటుకున్న చీటీ కనిపించింది.

“తాళకం: పసుపు వన్నె ఖనిజం, విషం. ప్రయోగం: పసుపనుకొని తాళకం కలిపిన కూర తిని, అతను మూడో నాడు పోయాడు.”

ఆయన కూర వంక చూశాడు. పచ్చగా నిగనిగలాడుతోంది. ‘ప్రయోగం’ దగ్గర ఆయనకు చెమట పట్టింది. ఎవరి మీదో రాయలేదు గానీ, రాయనక్కర్లేదు. నొప్పి మొదలై ఇవాళ్టికి మూడో రోజు.

పక్క బల్ల టైపిస్టు చీటీని వెలుతురుకు పట్టి చూశాడు.

“వదినగారి చేతిరాతేనా అన్నా?”

“తనదే. ‘ళ’కి తోక అంత పొడుగ్గా లాగేది తనొక్కతే.”

“మరి ‘పోయాడు’ అని ముందే రాసుకున్నారేంటి?”

“ఏ పనైనా ముందే ముగించుకోవడం తనకి అలవాటు,” అన్నాడాయన నీరసంగా.

టైపిస్టు నోట్లో నువ్వుగింజ నానదు. పావుగంటలో సంగతి ఆఫీసరుకు, ఆఫీసరు నుంచి పోలీసులకు చేరింది. ఆఫీసరు పద్ధతి తప్పని మనిషి. మిగిలిన కూరకు లక్క సీలు వేయించి, రిజిస్టరులో ‘కూర, ఒకటి, తిన్నది పోను’ అని రాయించాడు. గుమస్తాను ఆసుపత్రికి తరలించారు. అక్కడ ముక్కులోంచి గొట్టం దింపి కడుపు కడిగారు.

గొట్టం తీసేసరికి, ఇంటికి వెళ్ళొచ్చిన మఫ్టీ కానిస్టేబులు మంచం పక్కన నోట్‌బుక్ తిరగేస్తున్నాడు.

“తాళకం సంగతేంటమ్మా అని అడిగానండి. తలెత్తకుండానే, ‘అది పొద్దున్నే అయిపోయింది, కూర కలుపుతూనే ముగించాను. ఇక తాళి ఒక్కటే మిగిలింది, సాయంత్రానికి దాని పనీ అయిపోతుంది’ అన్నారు.”

గుమస్తా కళ్ళు మూసుకున్నాడు.

“ఏడ్చిందా?”

“లేదండి. కాఫీ తాగుతారా అని అడిగారు. నేను తాగలేదు.”

కబురందుకొని ఆవిడ చీటీల కట్టతో సహా పరుగెత్తుకొచ్చింది. కానిస్టేబులు చేతిలో చీటీ చూసి ఆగిపోయింది.

“ఇదిక్కడుందా? ఇల్లంతా వెతికాను.”

అతను విషయం చెప్పాడు. ఆవిడ చీటీ అందుకొని ‘ప్రయోగం’ కింద వేలు పెట్టి చూపించింది.

“ప్రయోగం అంటే వాడుక. మాటని వాక్యంలో ఎలా వాడాలో చూపించడం. నిఘంటువులో ప్రతి మాటకీ రాయాలి,” అని, మొగుడి వైపు తిరిగింది. “ఇన్నేళ్ళు నా చేతి వంట తిన్నారు. ఒక్క చీటీకే నమ్మేశారా?”

“కాగితం మీద ఉంది కదా,” అన్నాడాయన దుప్పటిలోంచి.

“తాళికి కూడా ప్రయోగం రాశాను. చదవమంటారా?”

“వద్దు.”

కానిస్టేబులు నోట్‌బుక్ జేబులో పెట్టుకొని గోడ వైపు చూశాడు. ఇంతలో డాక్టరు కాగితాలతో వచ్చాడు.

“విషం లేదు. కడుపులో పుండు ముదిరి రక్తం కారుతోంది. ఇవాళ కడుపు కడక్కపోతే ఈ సంగతి బయటపడేది కాదు. మూడో నాడు అని రాసిందెవరో గానీ, సరిగ్గానే రాశారు. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. ఇక్కడ సంతకం పెట్టండమ్మా.”

ఆయన ప్రాణం ఇప్పుడు నిజంగానే ఆవిడ చేతిలోకి వచ్చింది. ఆవిడ కళ్ళజోడు తగిలించుకొని, మొదటి వాక్యం నుంచి నెమ్మదిగా చదవడం మొదలుపెట్టింది.

“ముందు సంతకం పెట్టవే,” అన్నాడాయన పంటి బిగువున.

“ఉండండి. కాగితం మీద ఉన్నదంతా నమ్మెయ్యకూడదు.”

రెండో పేజీలో రెండు అక్షరదోషాలు దిద్ది, ఆ తరువాతే సంతకం పెట్టింది.