యాంటెనా పట్టుకున్న కొంగ

ఒక పెద్ద అడవిలో కేబుల్ టీవీ ఉండేది. ఉండేది అని ఎందుకంటున్నానంటే, మన కథ మొదలయ్యేసరికి దాన్ని పీకించేశారు. లైను నడిపే సాలెపురుగు ఎవరికీ అక్కర్లేని పురుగుల వంటల చానల్‌ని అందరికీ అంటగడుతోందని అటవీ సంక్షేమ సంఘం అధ్యక్షులు నక్క జంబుకరావుగారికి కోపం వచ్చింది. కేబుల్‌ని బహిష్కరిస్తూ తీర్మానం చేయించారు. చప్పట్లు బాగానే పడ్డాయి.

ఆ తర్వాత మూడోనాడు, ఏటి అవతలి అడవిలో అరణ్యరత్న అవార్డుల సభ ఉందని, సాయంత్రం నాలుగింటికి ప్రత్యక్ష ప్రసారమని అందరికీ గుర్తొచ్చింది.

వేరే ఏడాదైతే ఊరుకునేవాళ్లే. ఈసారి మన అడవి కొంగ ధవళయ్య పేరు తుది జాబితాలో ఉంది. అవార్డు పేరు నిశ్చలరత్న. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్నవాళ్లకి ఇస్తారు. ధవళయ్య ఏటి ఒడ్డున ఒంటికాలి మీద నిలబడబట్టి పాతికేళ్లయింది. పోటీలో మిగిలింది మొసలి ఒక్కటే.

ఒక నిబంధన ఉంది. పేరు పిలిచాక ఐదు నిమిషాల్లో వేదిక ఎక్కకపోతే అవార్డు రెండోవారికి పోతుంది. ధవళయ్యకి ఏరు దాటడానికి రెండు నిమిషాలు చాలు. అయినా ముందే వెళ్లి కూర్చుందామని పొద్దున్నే రెక్కలు కడుక్కుని తయారయ్యాడు.

అతని తల్లి ముసలిది, అంత దూరం ఎగరలేదు. "నిన్ను ఆ వేదిక మీద టీవీలో చూస్తే చాలు నాయనా, ఇంకేం కోరను" అంది. చూద్దామంటే కేబుల్ లేదు.

జంబుకరావుగారు వెంటనే ఒక కమిటీ వేశారు. పేరు, కేబుల్ లేకుండా చూసే మార్గాల అన్వేషణ కమిటీ. అధ్యక్షులు తామే.

"యాప్‌లో వస్తుందండీ" అని కుందేలు ఫోను తీసింది. జానెడు ఫోను చుట్టూ వందమంది మూగారు. ఏనుగుకి కుందేలు చెవులు తప్ప ఏమీ కనపడలేదు. కనపడినవాళ్లకి గుండ్రంగా తిరుగుతున్న చక్రం కనపడింది. ఎలుగుబంటి దాన్నే కాసేపు శ్రద్ధగా చూసి, "పోయిన ఏడాది కంటే బాగా చేశారు" అన్నాడు.

నెమలి ఇంట్లో డిష్ ఉంది. "రండి రండి, మీ ఇల్లే అనుకోండి. నా ఈకలు మాత్రం తొక్కకండి" అంది నెమలి. గది నిండా ఈకలే. అందరూ గుమ్మంలోంచే వెనక్కి తిరిగారు.

అప్పుడు తాబేలు తాత నోరు విప్పాడు. "మా అటక మీద పాత యాంటెనా ఉంది. మా నాన్న హయాంలో అడవంతా దాంతోనే చూసేది."

దాన్ని ఎత్తయిన టేకుచెట్టు కొమ్మకి కట్టి, కింద తాత టీవీ పెట్టారు. తెర నిండా చుక్కలు. కోతి ఎక్కి తిప్పడం మొదలెట్టింది.

"వచ్చిందా?"

"రాలేదు. కొంచెం తూర్పుకి."

"ఇప్పుడో?"

"వచ్చింది, వచ్చింది. ఇక దిగు."

కోతి చెయ్యి తీసింది. బొమ్మ పోయింది. మళ్లీ పట్టుకుంది. వచ్చింది. ఎవరో ఒకరు పట్టుకుని కదలకుండా ఉంటేనే ఆ యాంటెనా పనిచేస్తుందని తేలింది. కోతికేమో క్షణానికో చోట దురద.

అడవంతా మెల్లగా ధవళయ్య వైపు తిరిగింది.

"ధవళయ్యా, ఇంకొకరు దొరికేదాకా నువ్వు కాస్త నిలబడు" అన్నారు జంబుకరావుగారు.

"నాకు సభకి టైమవుతోందండీ."

"ఆ సభ మేం చూసేది నీ కోసమే కదయ్యా. ఒక్కసారి మీ అమ్మగారి మొహం చూడు."

ధవళయ్య చూశాడు. అదే అతను చేసిన తప్పు. ముసలిది ముందు వరసలో కూర్చుని తెరకేసి కళ్లు చికిలిస్తోంది. అతను మారుమాట్లాడకుండా చెట్టెక్కి, ఒంటికాలి మీద నిలబడి, ముక్కుతో యాంటెనా పట్టుకున్నాడు.

బొమ్మ కడిగినట్టు వచ్చింది. ఇంకొకరి కోసం వెతకడం అప్పుడే ఆగిపోయింది.

నాలుగున్నరకి ప్రకటన వచ్చింది. "నిశ్చలరత్న, కొంగ ధవళయ్యగారు."

పైన అతని కాలు వణికింది. తెర మీద గీతలు పడ్డాయి.

"కదలకయ్యా" అని వందమంది అరిచారు.

"పిలిచింది నా పేరేనా?" అన్నాడు ధవళయ్య పళ్ల బిగువున, అంటే ముక్కు బిగువున.

"నీదే, నీదే. ఫొటో కూడా వేశారు. కదలకు."

"ఐదు నిమిషాలే టైమండీ. నేను వెళ్లాలి."

"నువ్వు వెళ్లిపోతే, నువ్వు అవార్డు తీసుకోవడం మేమెలా చూస్తాం?" అన్నారు జంబుకరావుగారు. ఈ మాటలో ఎవరికీ తప్పు కనపడలేదు.

"కోతీ, నువ్వొచ్చి పట్టుకోవే" అని ధవళయ్య బతిమాలాడు.

"ఇప్పుడే మంచి చోటు దొరికింది బాబాయ్. లేస్తే పోతుంది."

అతను రెక్కలు విప్పబోయాడు. అప్పుడు కింద నుంచి తల్లి గొంతు వినపడింది. "ఒక్క నిమిషం ఆగు నాయనా. నిన్నే చూపిస్తున్నారు. ఎంత బాగున్నావో."

ధవళయ్య రెక్కలు ముడుచుకున్నాడు. నాకిప్పటికీ అతన్ని తలుచుకుంటే జాలేస్తుంది.

ఐదు నిమిషాలు అయిపోయాయి. పొద్దుటి నుంచీ వేదిక పక్కనే పడుకుని ఉన్న మొసలి లేచి, అవార్డు అందుకుని, కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎలుగుబంటి కూడా తుడుచుకున్నాడు.

"మరి మావాడేడీ?" అంది ముసలి కొంగ, తెరకి ఇంకాస్త దగ్గరికి జరిగి.



మర్నాడు పొద్దున సంఘం తరఫున కాకి ఒక కాగితం తెచ్చింది. కీలక సమయంలో కాలు కదిపి ప్రసారానికి అంతరాయం కలిగించినందుకు ధవళయ్య మూడు రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోవాలి. కాకి దాన్ని అతనికి ఇవ్వడానికి టేకుచెట్టు ఎక్కాల్సి వచ్చింది. పది గంటలకి సభ పునఃప్రసారం ఉంది. కొడుకు ఫొటో ఇంకొక్కసారి చూస్తానని తల్లి అడిగింది.

నీతి: కదలకుండా నిలబడితే పేరు పిలుస్తారు, అవార్డు మాత్రం వేదిక పక్కన పడుకున్నవాడికి ఇస్తారు.