గడప దొరకని బరాత్

సర్కారు పథకం కోసం పెళ్లి బ్యాండు మేస్త్రి వజీర్ ఆ రోజు పొద్దున తనదైన పథకం ఒకటి వేసుకున్నాడు. సాయం ఆఫీసు నుంచి విచారణకు జంపయ్య సార్ వస్తాడు. వాకిట్లో కుర్చీ వేయాలి, చాయ్ ఇవ్వాలి, క్లారినెట్ చూపించాలి, సరే అనిపించుకోవాలి. చాయ్ చల్లారేలోగా పని అయిపోవాలి.

కరోనా వచ్చాక పాల్వంచ చుట్టుపక్కల రోగం పెరిగి రాగం తగ్గింది. పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి, వాయిద్యాలు అటకెక్కాయి. తాళం వేయడం తన పని అనుకున్న వజీర్‌కు, తన పనికే ఎవరో తాళం వేస్తారని కలలో కూడా తోచలేదు. అతని బ్యాండులో డ్రమ్ము వాయించే వీరన్న చేతులు ఊరుకోలేక ఇంట్లో బిందెలన్నీ సొట్టలు పోయాయి. బాకా ఊదే ధన్‌సింగ్ ఇప్పుడు పొయ్యి ఊదుతున్నాడు, ఆ పొయ్యి మీద ఉడికేదే తక్కువ. పని పోయినవాళ్లకు సర్కారు సాయం చేస్తుందని తెలిసి ముగ్గురూ కలిసి అర్జీ పెట్టుకున్నారు.

జంపయ్య మోటార్ సైకిల్ దిగి, కుర్చీలో కూర్చుని, ఫోన్‌లో అర్జీ ఫారం తెరిచాడు. "మేస్త్రీ, ఇందుల బ్యాండోళ్లకు గడి లేదు. కూలి అని నొక్కుత. జల్దీ అయిపోతది."

"నొక్కుండ్రి సార్," లోపలి నుంచి వజీర్ భార్య షాకేరా గొంతు వచ్చింది. "బియ్యం డబ్బాల అడుగు కనబడుతుంది."

వజీర్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "కూలి అంటే నేను కూలిపోత సార్. మా అబ్బాజాన్ ఊదిండు, నేను ఊదుతున్న. ఈ బస్తీల పెళ్లైన ప్రతి మొగోడు నా క్లారినెట్ ముంగటనే నడిచిండు."

"నేను నడవలే," అన్నాడు జంపయ్య, మాస్కులోనే చిన్నగా. నలభై దాటినా అతనికింకా ఏ సంబంధమూ కుదరలేదు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "అయితే ఒకటుంది. 'ఇతర కళాకారులు' అని కింద ఎక్కడో ఉన్నది. దానికి సాక్ష్యం కావాలె. కార్డు గిట్ల ఉన్నదా?"

"పెళ్లిళ్లల్ల కార్డులు చుట్టాలకిస్తరు సార్. మాకెందుకిస్తరు?"

"సరే, జర ఊదుండ్రి. వీడియో తీసుకుంట. నిమిషం చాలు."

ఆ నిమిషమే కొంప ముంచింది. వజీర్ బ్యాండు పుట్టినప్పటి నుంచి ఒక్కచోట నిలబడి వాయించి ఎరగదు. ముందొక మనిషి నడుస్తుంటే వెనక వాయించడమే దానికి తెలుసు. "ముంగట ఎవరన్న నడవాలె సార్. లేకుంటే వేళ్లాడయి," అన్నాడు వజీర్. ఇంతేనా అని జంపయ్యే లేచి, ఫోన్ వెనక్కి తిప్పి పట్టుకుని, "ఆ వేపచెట్టు దాక నడుస్త, కానియ్యుండ్రి," అన్నాడు.

ఇందులో ఇంకో కట్టుబాటు కూడా ఉందని పాపం ఆయనకెవరూ చెప్పలేదు. బరాత్, అంటే పెళ్లికొడుకు ఊరేగింపు, కదిలిందంటే, ముందు నడిచే మనిషి ఏదో ఒక గడప దాటి, ఆ ఇంటి ఆడమనిషి చేత బొట్టు పెట్టించుకునేదాకా వాద్యం ఆగకూడదు. వెనక్కి అసలే తిరగకూడదు. మధ్యలో ఆపితే ఆ లగ్గం చెడుతుందని వజీర్ తండ్రి చెప్పిన మాట. ఆ మాట మీద ఇన్నేళ్లూ బ్యాండు నడిచింది, బ్యాండు వెంట బస్తీ నడిచింది.

క్లారినెట్ లేచింది. బిందెల మీద కసి తీరని వీరన్న డ్రమ్ము మీద తీర్చుకున్నాడు. రాత్రి షిఫ్టు చేసి పడుకున్న పవర్ ప్లాంటు కార్మికులు ఉలిక్కిపడి లేచారు. తిట్టడానికి తలుపు తీసినవాళ్లు తీసిన తలుపు దగ్గరే తాళం వేయడం మొదలుపెట్టారు, చేతులతో.

"ఎవలదే లగ్గం?"

"సాయం ఆఫీసు సార్‌దంట."

"పోనీలే పాపం, ఇన్నాళ్లకన్న అయితుంది."

పూల దుకాణం కళావతి పరుగెత్తుకొచ్చి జంపయ్య మెడలో బంతిపూల దండ వేసింది. "పైసలొద్దు బిడ్డా. నా దండ ఒక మెడను చూసి ఎన్నాళ్లయిందో," అంది. ఎవరో గోడ మీది నుంచి అక్షింతలు చల్లారు. అక్షింతలు మాస్కులో పడి జంపయ్య తుమ్మాడు. ఆ రోజుల్లో తుమ్ము వినబడితే జనం చెదిరిపోవాలి. ఎవరూ చెదరలేదు.

వేపచెట్టు రానే వచ్చింది. "చాలు మేస్త్రీ, ఆపుండ్రి," అన్నాడు జంపయ్య.

నోట్లో క్లారినెట్ ఉన్న వజీర్ తల అడ్డంగా ఊపాడు. వీరన్నే అరిచి చెప్పాడు. "గడప దాటాలె సార్. దాటకముందే ఆపితే లగ్గం చెడుతది."

"నాకు లగ్గమే లేదు కదనయ్యా."

"లేని లగ్గం కూడ చెడగొట్టుకుంటే ఇగ ఎన్నటికి కుదరాలె సార్?"

జంపయ్యకు ఈ తర్కం నచ్చలేదు గానీ, భయం వేసింది. గడప కోసం వెతికాడు. కరోనా కాలంలో కాసులు దొరకవచ్చు, గడప దొరకదు. వాకిట్లో చప్పట్లు కొట్టినవాళ్లే, పెళ్లికొడుకు గేటు ముట్టుకోగానే "దూరం సార్, దూరం" అంటూ లోపలికి పోయి గొళ్లెం పెట్టుకున్నారు. ఇల్లు మారుతున్న కొద్దీ జనం పెరిగారు. వ్యవహారం శ్రుతిలో ఉంటూనే శ్రుతిమించింది.

అయితే ఒక వింత జరిగింది. రెండో వీధి తిరిగేసరికి జంపయ్య నడక మారింది. ఎప్పుడూ ఫైళ్ల బరువుకు వంగే మెడ, దండ బరువుకు నిలబడింది. వెనక వజీర్ బుగ్గలు పొంగుతున్నాయి, బుగ్గల కంటే ఛాతీ ఎక్కువ పొంగుతోంది.

బస్తీ చివర తలుపులు తెరిచి ఉన్నది ఒక్కటే, పోలీసు ఔట్‌పోస్టు. జంపయ్య అందులోకి దూరాడు. గుమ్మంలో డ్యూటీలో ఉన్న హెడ్ కానిస్టేబుల్ సరళ, వచ్చినవాళ్లందరికీ చేసినట్టే, అతని నుదుటికి జ్వరం చూసే మిషన్ గురిపెట్టి, అరచేతిలో శానిటైజర్ పోసింది. నుదుట ఎర్రటి వెలుగు చుక్క, చేతిలో తీర్థం. వజీర్‌కు ఇంతకంటే ఏం కావాలి? క్లారినెట్ ఆగింది.

ఎస్సై బయటికొచ్చేసరికి జనం మాయమయ్యారు. దండతో జంపయ్య, వెనక ముగ్గురు వాద్యగాళ్లు, దూరం నుంచి ఆయాసపడుతూ వచ్చిన షాకేరా మాత్రం మిగిలారు. జంపయ్య సంగతంతా చెప్పాడు. ఎస్సై విని, కోపం తగ్గించుకున్నాడు.

"ఇగో, నేను అడిగేది ఒక్కటే. లాక్‌డౌన్ల పనికి పోయే కూలీలకు పర్మిషన్ ఉన్నది. కూలీలైతే వదిలేస్త, పొండ్రి. బ్యాండోళ్లైతే కేసు. చెప్పుండ్రి, కూలీలేనా?"

"కూలి అనుండ్రి మేస్త్రీ," జంపయ్య చెవిలో గొణిగాడు. "నా ఫోన్ల గూడ గదే నొక్కుత. కేసైతే సాయం వస్తదో రాదో నాకు తెల్వది."

వజీర్ భార్య వైపు చూశాడు. పొద్దున బియ్యం డబ్బా అడుగు చూపించిన మనిషి ఆమె. ఇన్ని నెలల తర్వాత ఇప్పుడే ఆ క్లారినెట్ విన్న మనిషి కూడా ఆమే.

"నా మొహమేం చూస్తరు?" అంది షాకేరా. "ఊదినోళ్లు ఊదినమనే చెప్పాలె. బియ్యం సంగతి నేను చూసుకుంట."

వజీర్ చొక్కా సర్దుకున్నాడు. "బ్యాండు మేస్త్రి మహ్మద్ వజీర్ సార్. రాసుకోండ్రి. పేరుల తప్పు పోనియ్యకుండ్రి."

ఎస్సై రాశాడు. క్లారినెట్ కళాకారుడు వజీర్, డ్రమ్ము కళాకారుడు వీరన్న, బాకా కళాకారుడు ధన్‌సింగ్, నడిరోడ్డు మీద తమ కళను ప్రదర్శిస్తూ పట్టుబడ్డారని. చదువుతూ చదువుతూ జంపయ్య ముఖం వెలిగింది. వెంటనే ఫోన్ తీసి ఆ కాగితాన్ని ఫొటో తీశాడు.

"ఇంతకన్న సాక్ష్యమేముంటది మేస్త్రీ? కళాకారులని సర్కారే రాసిచ్చింది. నేనే కళ్లారా చూసిన, కాళ్లారా నడిచిన."

జరిమానా జంపయ్యే కట్టాడు, తన బరాత్ ఖర్చు అని. 'ఇతర కళాకారులు' గడిలో ముగ్గురికీ సాయం మంజూరైంది. కేసు కాగితం నకలును వజీర్ అద్దం కట్టించి గోడకు తగిలించాడు. చూడవచ్చినవాళ్లకు షాకేరా చాయ్ ఇచ్చి మరీ చదివి వినిపించింది.

అది పెళ్లి ఊరేగింపుల మీద పెట్టే కేసు కాగితం, ఎస్సైకి అందులో ఖాళీలు వదిలే అలవాటు లేదు. పెళ్లికొడుకు దగ్గర జంపయ్య పేరు రాసి, పెళ్లికూతురు దగ్గర 'పరారీలో ఉన్నది' అని రాశాడు. గాలింపు ఇప్పటికీ సాగుతోంది.