కుర్చీలో గోల్డ్ డిస్క్

2019 జూలై 20, శనివారం. నార్కట్‌పల్లిలో రిటైర్డ్ లైన్‌మన్ ఐలేశం ఆ రోజుకు మూడు పనులు అనుకున్నాడు. గోల్డ్ డిస్కును వెలుతురులో ఫోటో తీయాలి. మటన్ తేవాలి. కట్టంగూర్ నుంచి వచ్చే పర్వతాలుకు అన్నం పెట్టి, ఒక పత్రం మీద సంతకం తీసుకోవాలి.

గోల్డ్ డిస్కులో బంగారం ఉండదు. ఏదైనా పాటల రికార్డు లక్ష దాటి అమ్ముడుపోతే, కంపెనీ దానికి బంగారు రంగు వేయించి, అందుకునే మనిషి ఫోటోతో సహా అద్దాల ఫ్రేములో బిగించి, పాడినవాళ్లకూ వాయించినవాళ్లకూ ఇచ్చేది. ఐలేశం వాటిని సేకరిస్తాడు. ఈ డిస్కు 1979లో హార్మోనియం వాయించినందుకు పర్వతాలుకు వచ్చింది. ఐలేశానికి హైదరాబాద్ పాత సామాన్ల బజారులో దొరికింది.

హైదరాబాద్‌లో పాత రికార్డులు సేకరించేవాళ్ల సంఘం ఉంది. 28న ప్రదర్శన. ఐలేశం ఇదివరకు పంపిన రెండు డిస్కులూ నకిలీవని తేలాయి. మూడోదీ అంతే అయితే సభ్యత్వం తీసేస్తామని సంఘం రాసింది. డిస్కు పొందిన మనిషి సంతకం ఉంటేనే తీసుకుంటామంది.

ఐలేశం వరండాలో కుర్చీ వేసి, తెల్ల టవల్ పరిచి, ఫ్రేమును నిలబెట్టాడు. ఫోటోలు తీసుకుని, ఫోను లోపల చార్జింగ్‌కు పెట్టాడు.

"అమ్మా, గిది కట్టంగూరు పర్వతాలుది. ఇయ్యాల అందరికీ అన్నాలు మనింట్లనే. నేను మటన్ తెస్త."

"పో బిడ్డా, నేను సూస్కుంట," అంది తల్లి ఈదమ్మ.

ఈదమ్మ డెబ్బై తొమ్మిదేళ్లలో కుర్చీలో తెల్లబట్ట మీద ఫోటో పెట్టడం చాలాసార్లు చూసింది. ప్రతిసారీ అది పోయినవాళ్ల దినం రోజే. అద్దానికి బొట్టు పెట్టింది. బంతిపూల దండ వేసింది. ఊదుబత్తి వెలిగించింది.

తొమ్మిదిన్నరకు ఫ్లెక్సీల షాపు మొయినుద్దీన్ అటుగా వెళ్తూ ఆగాడు.

"ఎవరవ్వా?"

"కట్టంగూరు పర్వతాలట. హార్మోనియం పెట్టె వాయించేటోడు."

"అరెరె! ఎప్పుడు పోయిండు?"

"నాకేమెరుక? ఐలేశం పొద్దుగాలనే కుర్చేసి మటన్‌కు పోయిండు."

మొయినుద్దీన్ ఐలేశానికి ఫోన్ చేశాడు. అది లోపలే మోగింది. ఫ్రేములోని ముఖాన్ని ఫోటో తీసుకుని షాపుకు వెళ్లి, సొంత ఖర్చుతో పది అడుగుల అశ్రునివాళి ఫ్లెక్సీ కొట్టించి గేటుకు కట్టాడు. వాట్సాప్‌లోనూ పెట్టాడు. ఒక పేపరు విలేకరి ఫోన్ చేసి, చనిపోయిన తారీఖు అడిగాడు.

"పక్కాగ తెల్వదు. నిన్న అని రాసుకో."

మటన్ కొట్టు రద్దీలో చిక్కుకున్న ఐలేశం పన్నెండుకు తిరిగి వచ్చేసరికి వరండాలో ముప్పై మంది ఉన్నారు. భజన బృందం తాళాలు తెచ్చింది. వాళ్లలో ఒకడు సంచీలోకి తొంగిచూశాడు.

"రెండు కిలోలుంటది. దినం గట్టిగనే చేస్తుండు."

"ఎవరి దినం?" అన్నాడు ఐలేశం. అందరూ ఫ్లెక్సీ చూపించారు.

అతను దండ తీయబోయాడు. "పోయినోనికి దండేసినంక తీస్తరార?" అని తల్లి చెయ్యి పట్టుకుంది. అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది. పర్వతాలు దిగాడు. ఫ్లెక్సీని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చదివాడు. తాళాలు ఆగిపోయాయి.

"నువ్వు పోయినవు గదనయ్యా?" అంది ఈదమ్మ.

"లేదక్కా. బస్సు దొరకలే."

ఐలేశం చేతులు జోడించాడు. పర్వతాలు కుర్చీ దగ్గరికి వెళ్లి ఫ్రేమును చూశాడు. "గిది నేనే పాత సామాన్లోనికిచ్చిన. రెండు కిలోల ఉల్లిగడ్డలిచ్చిండు," అన్నాడు. అన్నం తిన్నాడు. డిస్కు తనదేనని రాసి, 20వ తారీఖు వేసి, సంతకం పెట్టాడు. పోతూ ఫ్లెక్సీని మడత పెట్టించుకుని తీసుకెళ్లాడు.

ఆదివారం పేపరు జిల్లా పేజీలో వార్త వచ్చింది. హార్మోనియం కళాకారుడు పర్వతాలు 19న కన్నుమూశారు. మంగళవారం పత్రం అందుకున్న సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు.

"19న పోయిన మనిషి 20న ఎలా సంతకం పెట్టాడండీ? ఇదీ నకిలీయే."

ఐలేశం బస్సెక్కి కట్టంగూర్ వెళ్లి కార్యదర్శికి ఫోన్ కలిపి పర్వతాలుతో మాట్లాడించాడు.

"సార్, నేను బతికే ఉన్న."

"ఫోన్లో ఎవరైనా అంటారు. పేపర్లో వచ్చింది కదండీ," అని కార్యదర్శి పెట్టేశాడు.

ఐలేశం తల పట్టుకుని గడపలో కూలబడ్డాడు. పర్వతాలు గోడకున్న క్యాలెండరు దించాడు.

"పేపరోళ్లతోని కొట్లాడే ఓపిక నాకు లేదు. నేను సచ్చింది పందొమ్మిదిన గదా? ఇంకో కాయితం తే. పదిహేడు తారీఖేసి సంతకం పెడ్త. అప్పటికైతే వాళ్ల లెక్కల గూడ బతికే ఉన్న."

మొదటిదాంట్లో తారీఖు పొరపాటని ఐలేశం చెబితే, తప్పు తారీఖుతో వెళ్లిన ఆ పత్రాన్ని సంఘం అసలుదని ధ్రువీకరించింది. 28న డిస్కును ముందు వరుస గోడకు పెట్టారు. ఐలేశానికి శాలువా కప్పారు. తర్వాత పర్వతాలు మృతికి సంతాపంగా రెండు నిమిషాలు మౌనం పాటించాలని కార్యదర్శి కోరాడు. అందరితోపాటు వెనక వరుసలో పర్వతాలు కూడా లేచి నిలబడ్డాడు.