గవర్రాజు వీపు మీది నింద

కాలువ గేటు తెగి మూడూళ్ల చేలు మునిగిన మర్నాడే, ఆనవాయితీ ప్రకారం, నింద వచ్చి లస్కరు గవర్రాజు వీపెక్కి కూర్చుంది. గేట్లు ఎత్తీ దించే పని అతనిది.

ఇందులో వింతేమీ లేదు. ఆ నీటిపారుదల శాఖలో ఏ తప్పు జరిగినా దాని నింద ధాన్యం బస్తా అంత బరువుతో ఎవరో ఒకరి మీద వాలాల్సిందే. ఇంజనీర్ల వీపులు అందుకు మంజూరు కాలేదు. గేటు గొలుసు తుప్పు పట్టిందని గవర్రాజు ముందే మొరపెట్టుకున్నాడు గానీ విన్న నాథుడు లేడు. నింద ఎక్కినప్పట్నుంచీ వంగే నడిచాడు. బస్సులో నిందకు లగేజీ టిక్కెట్టు కొట్టేవారు. పెళ్లి భోజనాల్లో అతనికి రెండు కుర్చీలు వేసి, కాస్త దూరంగా వేసేవారు. ఊరివాళ్లు మంచివాళ్లే.

విచారణ సాగీ సాగీ, అతని కూతురు సత్యవేణి చదువు ముగించి ఆ శాఖ ఆఫీసులోనే గుమాస్తాగా చేరాక, ఆర్డరు వచ్చింది. గవర్రాజు నిర్దోషి.

ఇద్దరు అటెండర్లు నిందను దించి సూపరింటెండెంటు కామేశం బల్ల మీద పెట్టారు. గవర్రాజు మెల్లగా నిటారయ్యాడు. ఇన్నేళ్లూ చెప్పులే చూసినవాడికి మనుషుల మొహాలు కనబడ్డాయి. ఏడుపొచ్చేసింది.

"ఇంక నేనెళ్లొచ్చాండి?"

"ఉండవయ్యా. నిర్దోషి అంటే నింద లేదని కాదు, అది నీది కాదని. ఎవరిదో ఒకరిది కావాలి కదా. నేల మీద పెడితే ఆఫీసుకే చుట్టుకుంటుంది."

"మరి గేటు ఎవరి వల్ల తెగిందండి?"

"అది విచారణలో లేదు" అన్నాడు కామేశం.

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. ఇలాంటప్పుడు అక్కడ ఒకటే పద్ధతి. అందరికంటే ఆఖర్న చేరినవాళ్లు ఎత్తుకోవాలి. ఆఖర్న చేరింది సత్యవేణి.

గవర్రాజు రెండు చేతులూ జోడించాడు. "గేటు తెగినప్పుడు మా పిల్ల పలక పట్టుకుని బడికెళ్లేదండి బాబూ."

"నాకు తెలీదా? పోనీ, తప్పు నీదేనని ఒక్క ముక్క రాసివ్వు. మళ్లీ నీకే ఎత్తిస్తాం." కామేశం దయగానే కలం అందించాడు.

గవర్రాజు కలం పుచ్చుకున్నాడు. రాసేద్దామనే అనుకున్నాడు, కూతురంటే ప్రాణం. వీపే ఒప్పుకోలేదు. చెయ్యి కాగితం దాకా వెళ్లి ఆగిపోయింది. అవతల నింద బరువుకి బల్ల కిర్రుమంటోంది.

"పర్లేదు నాన్నా" అంటూ సత్యవేణి చున్నీ నడుముకు బిగించి వంగింది. "ఎత్తండి బాబాయ్."

గవర్రాజు వద్దనలేదు.

అటెండర్లు ఎత్తారు. అచ్చం తండ్రి వీపేనని, ఎంత చక్కగా అమరిందోనని ఆఫీసంతా మెచ్చుకుంది. కామేశం ఆ పిల్లకి కిటికీ పక్క సీటు ఇప్పించాడు.

గవర్రాజు ఇంటికెళ్లి మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా సిగ్గులేని నిద్ర, ఇట్టే పట్టేసింది. సాయంత్రం భార్య మంగాయమ్మ తట్టి, "పిల్ల ఇంకా రాలేదేంటండి?" అంది.

అతను కళ్లు తెరవలేదు.

"వత్తాది" అన్నాడు. "ఇకనించి నెమ్మదిగా నడుత్తాది."